తలకు పోసిన నాటి వణుకు

తెలంగాణ కోసం బంద్‌లు, రైల్‌రోకోలు నడుస్తున్న రోజులవి. డోర్నకల్‌లో మా కిరాణా దుకాణంలో నూనె డబ్బా రేకు గీసుకుని మా ఆయన పిక్క తెగింది. పసుపద్ది ఊరుకున్నాడు. తర్వాత కాలు వాచింది, జ్వరమొచ్చింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, పరిగెత్తి వచ్చినవాడిలా రొప్పుతుంటే జీపు మాట్లాడి తీసుకుపోయాను.

వరంగల్ దవాఖానలో ఐసీయూలో వేశారు. డాక్టర్ సెప్సిస్ అన్నాడు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"ఇన్‌ఫెక్షన్ రక్తంలకు పోయిందమ్మా. బీపీ నిలుస్తలేదు. మా ప్రయత్నం మేం చేస్తం."

వెంటిలేటర్ పెట్టారు. మెట్ల మీద కూర్చుని, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాను.

మనిషి దక్కాడు. ఐసీయూ నుంచి బయటికి తెచ్చేటప్పుడు నర్సు నన్ను పక్కన కూర్చోబెట్టింది. ఇది మళ్లీ రావచ్చంది. చలితో వణికినా, ఊపిరి వేగంగా తీసినా, మూత్రం తగ్గినా, మాట తేడాగా ఉన్నా వెంటనే తెమ్మంది. అంతటితో వదల్లేదు, నాతో అప్పజెప్పించుకుంది. ఒకటి మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. నాకు విసుగు కూడా వచ్చింది.

జబ్బు నుంచి లేచిన మనిషికి మంచిరోజు చూసి తలకు పోయడం మా ఇళ్లలో ఆచారం. అత్తమ్మ దినం చూసింది, చుట్టాలొచ్చారు. తల తుడుస్తుండగానే ఆయనకు వణుకు మొదలైంది. నీళ్లు చల్లబడి ఉంటాయని అత్తమ్మ అంది. నీళ్లు కలిపింది నేనే, పొగలు వస్తున్నాయి. దుప్పటి కప్పుతుంటే ఆయన నా ముఖంలోకి చూశాడు.

"ఏం కావాలెనమ్మా? జర కూసో, ఇస్త."

నన్ను దుకాణానికొచ్చిన గిరాకీ అనుకున్నాడు. చుట్టాలు నవ్వారు. నాకు నర్సు అప్పజెప్పించిన గుర్తులు మెదిలాయి.

జీపు పిలుస్తానంటే అత్తమ్మ అడ్డం నిలబడింది. "తలకు పోసిన నాడు దవాఖాన మొఖం చూడొద్దు బిడ్డా. పొద్దుగాల పోదాం."

"పొద్దుగాలకు మనిషి లేకపోతే ఎట్ల అత్తమ్మా?"

ఆమె అడ్డం తప్పుకుంది. తనే కొడుకు రెండో రెక్క పట్టుకుంది.

వరంగల్ దారిలో, మానుకోటలో ఉద్యమం వాళ్ల వంటావార్పు రోడ్డు మీదే నడుస్తోంది. జీపు ఆగేసరికి నాకు ఏడుపు ఆగలేదు. లోపలికి తొంగి చూసినవాళ్లు పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గంజు దించి దారిచ్చారు. దవాఖానలో చూసి, ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టిందని, తెల్లారేదాకా ఆగితే తమ చేతుల్లో ఉండేది కాదని డాక్టర్ అన్నాడు.

ఇప్పుడు దుకాణంలో కూర్చుంటున్నాడు. నాలుగడుగులు నడిస్తే అలసట, జుట్టు సగం ఊడింది. తుమ్మితే చాలు నేను నుదురు పట్టి చూస్తాను, ఆయన కసురుకుంటాడు. కసురుకోనీ.

ఐసీయూ నుంచి మనిషిని ఇంటికి తెచ్చుకునేవాళ్లకు ఒక్క మాట. ఆ గుర్తులు మీరొక్కరే నేర్చుకుంటే చాలదు. ఇంట్లో మిమ్మల్ని ఆపగలిగిన మనిషి ఎవరో చూసి, ముందు వాళ్లకు నేర్పండి. ఆ రోజు అత్తమ్మ ఇంకొక్కసారి వద్దని ఉంటే నేను ఆగిపోయేదాన్నేమో. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ భయమే.