ఖాళీ షెల్ఫు చెప్పిన కొత్త కెమెరా

మంగళవారం మాకు పెళ్లిళ్లుండవు. ఆ రోజు జమ్మలమడుగు నుంచి నేను, పులివెందుల నుంచి ఇద్దరు ముగ్గురు ప్రొద్దుటూరులోని కెమెరా షాపులో చేరతాం. ఆల్బమ్‌లు ప్రింటుకివ్వడం, లెన్సులు తుడిపించుకోవడం పేరుకే. అసలు పని కబుర్లు. తెలియని సంగతుల గురించి పెళ్లి ఫోటోగ్రాఫర్లంత ధీమాగా మాట్లాడేవాళ్లను నేను మరెక్కడా చూడలేదు. నన్నూ కలిపే చెబుతున్నాను.

మాలో పెద్ద స్టూడియో ఉన్నాయన ఒకరున్నారు. బంగారం అంగళ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి. రేపు బంగారం పెరుగుతుందో తగ్గుతుందో పొద్దున్నే తేల్చకపోతే ఆ వీధిలో కొందరికి టీ గొంతు దిగదు. ఈయన ఆ జబ్బును కెమెరాలకు అంటించాడు. జపాను ఫ్యాక్టరీలో ఏ మోడల్ ఎన్ని తయారవుతున్నాయో ఫోనులో ఎక్కడో చదివి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి మాకు తీర్పు చెప్పేవాడు.

"మనం వాడే మోడల్ తయారీ శానా తగ్గించినారప్పా. ఎందుకు తగ్గిస్తారు? దాని జాగాలో కొత్తది చేసేదానికి. ఇప్పుడు కొనేవాడు ఎర్రోడు."

పక్కనున్న చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఈ నెల ఎన్ని మూటలు తీశారంటే ఈయన చెప్పలేడు. జపానులో ఏ బల్ల మీద ఏ స్క్రూ బిగిస్తున్నారో మాత్రం తెలుసు. అయినా మేం నోళ్లు తెరుచుకుని విన్నాం. కొనాలనుకున్నవాళ్లందరూ ఆగిపోయారు. కొన్నాళ్లకు షాపులో ఆ మోడల్ పెట్టే షెల్ఫు ఖాళీ అయింది.

"చూస్తిరా? ఫ్యాక్టరీలో పూర్తిగా ఆపేసినట్టే" అన్నాడాయన. అందరం ఆ ఖాళీ షెల్ఫు వైపు భక్తిగా చూశాం.

నా దగ్గర రెండు కెమెరాలుండేవి. ఒకటి మంచిది. రెండోది షట్టర్ అరిగి, పదిసార్లు నొక్కితే ఒకసారి మొరాయించేది. కొత్తది వస్తే పాతవాటి ధర పడిపోతుందని, పడకముందే మంచిదాన్ని అమ్మేశాను. చెడ్డదానికి ఎటూ ధర లేదు కాబట్టి అది నాకే మిగిలింది. అప్పట్లో ఇది గొప్ప తెలివిగా అనిపించింది. షాపులో ఇద్దరు నా భుజం కూడా తట్టారు.

ఆ చెడ్డ కెమెరాతోనే పులివెందులలో ఒక ముస్లిం కుటుంబం పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురి తండ్రి కువైట్‌లో డ్రైవరు. పెళ్లికని కొద్దిరోజుల సెలవు మీద వచ్చాడు, మర్నాడే తిరుగు ప్రయాణం. పొద్దున నన్ను పక్కకు పిలిచాడు.

"వీడియో అదీ వద్దనుకున్న్యాం మామా. ఫోటోలు కూడా నాకు శానా అక్కర్లే. బిడ్డను సాగనంపేటప్పుడు మేమిద్దరం ఉండేది ఒకటి మంచిగా తియ్. ఆడ నా మంచం పైన గోడకు పెట్టుకుంటా."

సాయంత్రం సాగనంపే వేళ తండ్రీ కూతురూ కారు దగ్గర నిలబడ్డారు. చుట్టూ బంధువుల ఫోన్లు పైకి లేచాయి. "అందరూ జరగండి, ఫోటోకు అడ్డమొస్తాండారు" అని గదమాయించి వాళ్లను నేనే వెనక్కి పంపాను. మెడలో కెమెరా ఉన్నవాడి మాటకు పెళ్లిళ్లలో పూజారికీ ఖాజీకీ లేనంత విలువ. అందరూ ఫోన్లు దించుకుని జరిగారు.

బటన్ నొక్కాను. లోపల ఏదో గీరుకున్న శబ్దం వచ్చి షట్టర్ అలాగే ఇరుక్కుపోయింది. బ్యాటరీ తీసి పెట్టాను. కదల్లేదు.

ఆ తండ్రి కూతురి దుపట్టా చివరతో ఆమె కళ్లు తుడిచాడు. "ఏడ్వగాకమ్మా, ఫోటో బాగుండాల" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూసి నవ్వే ప్రయత్నం చేశారు.

నా జేబులో ఫోను ఉంది. దాంతోనైనా తీయొచ్చు. కానీ ఇందాకే అందరి ఫోన్లూ దించిన ఫోటోగ్రాఫరు తన ఫోను బయటికి తీస్తే ఏం మర్యాద? ఆ ముష్టి పరువు కోసం చచ్చిన బటన్నే మళ్లీ నొక్కాను. వంగి ఒకటి, పక్కకు జరిగి ఒకటి, "ఇంకోటి" అని వేలు చూపించి మరీ ఇంకొకటి. వాళ్లు కదలకుండా నిలబడ్డారు. తర్వాత కారు వెళ్లిపోయింది. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి మంగళవారం షాపుకెళ్లి, ఆ మోడల్ ఇక ఎక్కడా దొరకదా అని యజమానిని అడిగాను. ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

"దొరక్కేం? ఫోన్ చేస్తే మూడు దినాల్లో వస్తాది. మీరంతా కొనేది ఆపితిరి, ఉన్నవి వేరే ఊరి షాపుకిచ్చి నేను తెప్పిచ్చేది ఆపితి. అంతే కదా."

ఫ్యాక్టరీ సంగతి దేవుడెరుగు, ఆ షెల్ఫును ఖాళీ చేసింది మేమే. మేం కొనకపోతే ఖాళీ అయినదాన్నే చూపించి, మా జోస్యం నిజమైందని మేమే మురిసిపోయాం. పెద్ద స్టూడియో ఆయన అప్పుడూ అక్కడే కూర్చుని, ఇంకో కంపెనీ లెన్సుల తయారీ ఎందుకు పెరిగిందో వివరిస్తున్నాడు. కొత్త కుర్రాళ్లిద్దరు తలలూపుతున్నారు. నేను పాత మోడలే తెప్పించుకున్నాను. ఆయన చెప్పిన కొత్తది ఇప్పటికీ రాలేదు.

ఆల్బమ్ ఇచ్చిన కొన్నాళ్లకు కువైట్ నుంచి ఫోన్ వచ్చింది.

"మా ఇంట్లోవాళ్లు అన్నీ పంపిచ్చినారు మామా, చూసినా. నేనూ బిడ్డా ఉండేదే కనపళ్లా. ఈడ గోడకు మేకు గూడా కొట్టి పెట్టినా."

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు.

"అది పెద్ద సైజులో తయారవుతాంది మామా, కొన్నాళ్లు ఆగు" అన్నాను.

ఆయన సరేనన్నాడు.