మట్టి చెయ్యకముందే పట్టిన పార

కసుజ్జా ఇంటి పెరట్లో ఆడవాళ్లు చాపల మీద కూర్చుని అరటికాయలు చెక్కుతున్నారు. చావింటికి ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకుంటారు. నల్వోగా కూడా తెచ్చుకుంది. పోయిన ముసలి కసుజ్జా ఇంకా లోపలే, చెట్టునార గుడ్డలో చుట్టి ఉన్నాడు. సాయంత్రం మట్టి చెయ్యాలి.

అప్పుడే వచ్చిన బబిర్యే కూర్చోకుండానే అంది.

"నల్వోగక్కా, మీ ఇంట్లో ఉంటున్న తెల్లపిల్ల చిక్కుడు మడిలో పార పట్టింది."

"నువ్వు చూశావా?"

"దారిన పోయే వాళ్లంతా చూశారు. పిల్లలు కంచె పట్టుకుని మానెయ్యమని అరుస్తున్నారు. అదేమో తనని మెచ్చుకుంటున్నారనుకుని చెయ్యి ఊపుతోంది!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ఊళ్లో శవం ఉండగా ఎవరూ నేలలో పార దించరు. దించిన ఇంట్లో చావొస్తే గొయ్యి తవ్వడానికి మనిషి రాడు. నల్వోగా అత్తగారు గంజి కూడా మింగలేక మంచం మీద ఉంది. రేపో మాపో అన్నట్టుంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

నల్వోగా సరస్సు ఒడ్డు నుంచి వచ్చిన కోడలు. మొగుడు తొందరగా పోయాడు. మరిది లేడు, బావ లేడు. చాలాకాలం ఊరు ఆమెను "ఆ చేపల మనిషి" అనే పిలిచింది. ఎవరింట చావొచ్చినా అందరికంటే ముందు కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని వెళ్లి, వెళ్లి, ఆమె ఈ ఊరి మనిషయింది. అదంతా ఒక్క పూటలో ఒక పిల్ల తవ్వి పారేసింది.

ఇంటికి వెళ్లేసరికి ఆ తెల్లపిల్ల సిగ్రిడ్ మోకాళ్ల దాకా మట్టితో, ఎర్రబడ్డ ముఖంతో, నవ్వుతూ నిలబడి ఉంది.

"అమ్మా, చూడు! నువ్వు వచ్చేలోగా అయిపోవాలనుకున్నా."

నల్వోగా పార లాక్కుంది. "ఎవరి గొయ్యి తవ్వుతున్నావే? మా అత్తదా? నాదా?"

విషయం విని సిగ్రిడ్ పాలిపోయింది. "నాకెవరూ చెప్పలేదమ్మా."

"నిప్పులో చెయ్యి పెట్టొద్దని నీకెవరు చెప్పారు?"

అరిచింది కానీ, చెప్పలేదన్న మాట నిజమే. అందుకే ఒళ్లు మరీ మండింది. మోకాళ్ల మీద వంగి దండం పెట్టడం నేర్పింది, ఆకులో అరటి పొట్లం కట్టడం నేర్పింది. ఇది చెప్పాలని తోచనే లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఎవరైనా చెబుతారా? మరి దీన్ని తెచ్చి ఇంట్లో పెట్టిన ఆ పట్నం ఆఫీసు వాళ్లు? ఊరి బతుకు నేర్చుకుంటుందని ఏటా ఒక పరాయిదేశపు పిల్లను కారులో తెచ్చి, దోమతెర, నీళ్ల వడపోత దించి, దానికి ఏవి పడవో చెప్పి పోతారు. ఊరికి ఏవి పడవో పిల్లకు మాత్రం చెప్పరు.

"వాళ్లింటికి డబ్బులిస్తాను," అంది సిగ్రిడ్ మెల్లగా.

"నోర్ముయ్! చచ్చినాయన్ని కొంటావా?"

మణికట్టు పట్టుకుని చావింటికి ఈడ్చుకెళ్లింది. పందిట్లో ఊరి పెద్ద వలకిరా ఉన్నాడు. సిగ్రిడ్‌ని చూడగానే ఎవరో కుర్చీ తెచ్చి వేశారు.

"పరాయిదేశపు పిల్ల, తెలీదు. వదిలేద్దాం," అన్నాడు వలకిరా. "నల్వోగా, నువ్వు మాత్రం వారం రోజులు ఈ ఇంటికి కట్టెలు మొయ్యి."

అందరూ హాయిగా తలలూపారు.

"ఆ కుర్చీ తీసెయ్యండి మామా," అంది నల్వోగా. "ఇది నా చేతి కూడు తింటోంది. మా అత్తకి ఒళ్లు తుడుస్తోంది. పరాయిదైతే, పార పట్టింది మా ఇల్లు కాదు, నాకెందుకు శిక్ష? మా ఇంటిదైతే దీనికెందుకు కుర్చీ? రెండూ మీరే అంటే ఎట్లా?"

"కోపం తగ్గించుకో కోడలా."

"తగ్గదు."

వెనక నుంచి ఒకాయన కిసుక్కుమన్నాడు. వలకిరా గడ్డం గోక్కున్నాడు.

"సరే. నువ్వు కట్టెలు, పిల్ల నీళ్లు. ఊట దగ్గర్నుంచి, జనం వెళ్లేదాకా. ఆ తర్వాత ఈ మాట ఎవరూ ఎత్తొద్దు. వీళ్లింట ఏం జరిగినా అందరం వెళ్తాం."

సిగ్రిడ్ డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి సగం నీళ్లు దాని మీదే ఉన్నాయి.

"ఏమే పిల్లా, నీళ్లు తెచ్చావా, తానం చేసొచ్చావా?"

"చెరకు గడకి కుండ బోర్లించినట్టుంది!"

రెండో విడతకు దాని మెడ వణుకుతుంటే బబిర్యే జాలిపడి లేవబోయింది.

"కూర్చో," అంది నల్వోగా. "అవి మా ఇంటి నీళ్లు."

గుమ్మంలోంచి కసుజ్జా భార్య తొంగి చూసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆవిడకి. "ఏయ్ పిల్లా, ఇవి పొయ్యికే చాలవు. మళ్లీ వెళ్లు."

సిగ్రిడ్ ఖాళీ డబ్బా అందుకుంది. వెళ్తూ వెళ్తూ నల్వోగాని కాల్చేసేలా చూసింది.

"చూశావా అక్కా, ఎట్లా చూసిందో!" అంది బబిర్యే.

"చూడనీ," అంది నల్వోగా, ఇంకో కాయ అందుకుంటూ. "నాకూ తగ్గలేదు."