లావాకి జంకని సైంటిస్టు

మెల్‌బోర్న్‌లో క్లేటన్ వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్నాడు ఓ నెల్లూరు సైంటిస్టు. ముప్ఫై ఏళ్లుంటాయి. అగ్నిపర్వతాలు పేలుతుంటే దగ్గరికెళ్లి వీడియోలు తీస్తాడట. నేనడక్కుండానే ఫోన్లో ఒకటి చూపించాడు. వెనక నిప్పురాళ్లు ఎగిరిపడుతుంటే, ముందు ఈయనగారు పెళ్లికొడుకులా నిలబడి నవ్వుతున్నాడు.

"జస్ట్ ఫిఫ్టీ మీటర్స్ అంకుల్! లాస్ట్ వీకే షూట్ చేశా."

బుద్ధున్నవాళ్లు పారిపోయే చోటికి టికెట్ కొనుక్కుని మరీ వెళ్లాలా? దానికో డాక్టరేటా?

ఇంతలో వాళ్లమ్మ ఫోన్ చేసింది. గొంతు తగ్గించాడు. "యాడికీ పోలేదమ్మా. వారమంతా యూనివర్సిటీలోనే ఉండా. ఫోన్ పాడైందంతే."

"లావాకి జంకవు, అమ్మకి జంకుతావా? ఇన్ని అబద్ధాలాడేవాడి పరిశోధన ఎవరు నమ్ముతారయ్యా?" అని దులిపేశాను. తల దించుకున్నాడు.

అప్పుడే ఊరికి ఆ చివర వెర్రిబీలో ఉండే మా అమ్మాయి ఫోన్. "నాన్నా, బీపీ టాబ్లెట్ వేసుకున్నారా?"

"టిఫిన్ కాగానే వేసుకున్నానమ్మా."

నా చొక్కా జేబులోంచి కొత్త మాత్రల షీటు తొంగిచూస్తోంది. అందులో ఒక్కటీ తీయలేదు. సైంటిస్టు దానివంక చూశాడు. తన నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చాడు.