అత్తగారి కాలు ఫొటో

ఈ రోజు మధ్యాహ్నం కడియంలో మా ఇంటికి కెమెరాతో ఇద్దరొచ్చారు. బోదకాలు మీద పరిశోధనకి ప్రభుత్వం డబ్బులివ్వాలని ఢిల్లీ వెళ్ళి అడుగుతారట. అక్కడ చూపించడానికి మా అత్తగారి కాలు ఫొటో కావాలట. ఊరికే ఇంత శ్రమ ఎవరు పడతారు? "ఏ మందుల కంపెనీ అండి మీది?" అని అడిగేశాను. కంపెనీ కాదండి, మా అంతట మేమే తిరుగుతున్నామన్నారు. కంపెనీవాళ్ళయినా అదే చెబుతారు కదా!

"మొహం పడదండి, కాలొక్కటే తీస్తాం" అన్నాడు కెమెరా అతను.

నేను వద్దనేలోపే అత్తగారు కుచ్చిళ్ళు పైకి లాక్కుని కూర్చున్నారు. "మొహం కూడా పడాలి బాబూ. ఉత్త కాలు చూపిస్తే ఎవరిదోలే అని పక్కన పడేస్తారు. ఆ ఆఫీసులవాళ్ళని నేను నమ్మను" అన్నారు.

మా పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ ఆవిడ కాలు కనపడకుండా కుర్చీ వెనకాలే నిలబడ్డారు. ఇవాళ ముడి సర్దుకుని, కెమెరాకేసి సూటిగా చూశారు.

నా అనుమానం మాత్రం తీరలేదు. వాళ్ళిచ్చిన నంబరుకి సాయంత్రం ఫోన్ చేశాను, ఎత్తారు. అయినా సరే, ఏ మందు డబ్బా మీదైనా మా అత్తగారి మొహం కనపడితే నాకు వెంటనే చెప్పండి.