సంతానలక్ష్మి చదివిన పేజీ

సంతానలక్ష్మి రెండో తరగతి దాటలేదు. అమ్మ పోయిన ఏడు, చంటి తమ్ముణ్ణి ఎత్తుకునే దిక్కులేక నాయన ఆమెను బడి మాన్పించాడు. తరువాత పెళ్లి, సేద్యం, బిడ్డలు. తమిళనాడులో మేలూరు పక్కన ఆ ఊళ్లో తెలుగిళ్ల వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో రాసేది తమిళం. ఆమెకు మొదటిది మాత్రమే సొంతం. రెండోదాంట్లో నేర్చిన నాలుగు అక్షరాలూ చెరిగిపోయాయి.

మనవరాలు వళ్లి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు బళ్లో పుస్తకాల పండుగ పెట్టారు. ఇంటినుంచి ఒక పెద్ద వచ్చి, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని కథ చదవాలి. వళ్లి అమ్మకు మిల్లులో సెలవు దొరకలేదు. సంతానలక్ష్మి వెళ్లింది. చేతికిచ్చిన తమిళ పుస్తకంలో బావిలోకి తొంగిచూస్తున్న నక్క బొమ్మ ఉంది. దప్పికగొన్న నక్క కథ ఒకటి అప్పటికప్పుడు నోటికొచ్చిన తమిళంలో అల్లి చెప్పింది.

పక్క చాపమీది పిల్లవాడు మెడ చాచి చూశాడు. "అవ్వా, అట్ల రాసిలేదు. నక్క దాని స్నేహితుణ్ణి దేవులాడతా ఉండాది" అన్నాడు.

పిల్లలు నవ్వారు. వళ్లి నవ్వలేదు. మెల్లగా పేజీ తిప్పింది. ఇంటికి వచ్చాక కూడా ఆ మాటే ఎత్తలేదు. ఆ పిల్ల తన పరువు కాపాడుతోందని సంతానలక్ష్మికి తెలిసింది.

మరునాడు బడి వదిలాక ఆమె సుగన్య టీచరు ముందు నిలబడింది. "టీచరమ్మా, నాకు సదివేదానికి రాదు. నిన్న పొయ్యి చెప్తిని, అంతా అబద్దం."

సుగన్యది కూడా తెలుగిల్లే. కుర్చీ జరిపి, "ఉక్కారుంగమ్మా. రోజూ సాయంత్రం రండి, కండిప్పా, తప్పకుండా వస్తుంది" అంది.

రాలేదు, అంత సులువుగా. ఒకేలా వినబడే అక్షరాలు ఆమెను ఏడిపించాయి. పాలు పితికాక వాకిట్లో పరిచిన క్వారీ రాతిపలక మీద సుద్దతో రాసేది, ఎవరైనా వస్తుంటే కొంగుతో తుడిచేసేది. కొడుకు చూసి, "ఈ వయసుకు ఎందుకమ్మా ఇది?" అన్నాడు.

"ఎనిమిదేళ్లప్పుడు ఎవురూ నన్ను అడగలేదురా, కావల్నా వద్దా అని. ఇప్పుడు నేనే అడుక్కుంటా ఉండాను."



ఏడాది తిరిగి మళ్లీ పుస్తకాల పండుగ వచ్చింది. ఈసారి పుస్తకంలో గూడు కట్టే పిచ్చుక ఉంది. సంతానలక్ష్మి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మూడో వరుసలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. వళ్లికి ఆ మాట తెలుసు. పెదవులు బిగించుకుని అవ్వ ముఖంలోకి చూస్తూ ఊరకే కూర్చుంది. సంతానలక్ష్మి మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టి, ఆ మాట దాటింది.

పేజీ అయిపోయాక వళ్లి అడిగింది: "అవ్వా, ఇప్పుడు మన మాటలో చెప్పు."

ఆమె తెలుగులో చెప్పింది. ఇంట్లో తప్ప ఎక్కడా వినని మాటలు బడిగదిలో వినబడేసరికి, తెలుగిళ్ల పిల్లలు ఒక్కొక్కరే చాపలు లాక్కుని దగ్గరికి జరిగారు.

అంతా వెళ్లాక సంతానలక్ష్మి లేవలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. సుగన్య కంగారుపడింది.

"ఏమీ లేదు టీచరమ్మా. ఇన్నేండ్లు ఇదంతా నా పక్కనే ఉండినాది. అంతే."

ఇప్పుడు శుక్రవారాలు ఆమె కథలు చదివి వినిపించడానికి ఒకటో తరగతికి వెళుతుంది. క్వారీ పనికో మిల్లుకో పోయిన వాళ్ల బిడ్డలు ఆమె చుట్టూ కూర్చుంటారు. మొన్న, తనలాగే చదువుకోని ఎదురింటి కాళియమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర తచ్చాడింది. సంతానలక్ష్మి చదవడం ఆపకుండానే, పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.