ముప్పై నాలుగో రోజు

విచారణకు ముందు రోజు కేసుల జాబితా చూస్తుంటే ఐదో వరుస దగ్గర నా వేలు ఆగిపోయింది. సంతోష్‌నగర్‌లో నాలుగు బర్రెలతో పాలు పోసి బతికే ఒకామె, కరెంటు పంపిణీ సంస్థ మీద వేసిన పిటిషన్ అది. నేను విద్యుత్ నియంత్రణ కమిషన్‌లోని ముగ్గురు సభ్యుల్లో ఒకణ్ణి. ఆ పిటిషన్ రాసింది కూడా నేనే, లాయరుగా ఉన్న చివరి ఏడాదిలో.

ఈ కేసు నుంచి తప్పుకోవాలి. అందులో ఆలోచించడానికేమీ లేదు. అయినా అలవాటు కొద్దీ ఫైలు తెరిచి, అందులో నేను జత చేసిన బిల్లుల పట్టికను మళ్లీ లెక్కగట్టాను. అక్కడే చిక్కుకున్నాను.

మీటరు రీడింగ్ ఆలస్యంగా తీస్తే యూనిట్లు పేరుకుపోతాయి. వాడకం పెరగకపోయినా బిల్లు పై రేటులోకి వెళ్తుంది. విలేకరిగా ఉన్నప్పుడు ఈ సంగతి నేనే పత్రికలో రాశాను. మీటరు అంకెను క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండని పాఠకులకు చెప్పాను. నేను కామర్స్ చదవలేదు. టారిఫ్ ఉత్తర్వులు తిరగేసి తిరగేసి సొంతంగా నేర్చుకున్న లెక్క నాది. ఏళ్ల తర్వాత, సాయంకాలం కాలేజీలో లా చదివి నల్లకోటు వేసుకున్నాక, ఆమె క్యాలెండర్ల కట్ట చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"పేపర్ల రాసినోళ్లు మీరే గద సార్. రాసినందుకు కొట్లాడుండ్రి" అంది.

కొట్లాడాను. మొత్తం ఏడు బిల్లులు. రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులో ఎంచి, వాడకాన్ని ముప్పై రోజులకు సరిచేసి చూపాను. జూన్ నాలుగు నుంచి జూలై ఏడు దాకా ముప్పై నాలుగు రోజులు, 226 యూనిట్లు. ముప్పై రోజులకైతే 199 చిల్లర. పై రేటు రెండు వందల యూనిట్లు దాటితేనే. ఆమె దాటలేదు.

కానీ అవి ముప్పై మూడు రోజులే.

మలక్‌పేటలో మాదీ పాలు పోసిన ఇల్లే. నాలుగో తారీఖున పోసిన పాలూ లెక్కే, ఏడో తారీఖున పోసినవీ లెక్కే. చిన్నప్పటి నుంచీ రెండు కొసలూ కలిపి ఎంచడమే నాకు అలవాటు. మీటరుకు ఆ లెక్క పనికిరాదు, రెండు రీడింగుల నడుమ గడిచిన రోజులే లెక్క. ముప్పై మూడుతో చేస్తే 205 దాటింది. ఏడు బిల్లులూ మళ్లీ చేశాను, రెండుసార్లు. ఐదింట్లో ఆమె వాదన నిలిచింది, రెండింట్లో పడిపోయింది.

ఆమెకు ఫోన్ చేసి చెప్పలేను. సభ్యుడు కక్షిదారుతో మాట్లాడకూడదు. అవతలి లాయరు ఈ తప్పు పట్టుకుంటే పట్టికంతా అబద్ధమంటాడు. ఎవరూ పట్టుకోకపోతే తప్పు లెక్క మీద ఉత్తర్వు వస్తుంది. పొద్దున, ఇంజనీరుగా రిటైరైన తోటి సభ్యుడికి చెప్పాను. ఆయన టీ చల్లార్చుకుంటూ విన్నారు.

"కేసులకెల్లి తప్పుకుంటె సరిపాయె. గా టేబుల్ లొల్లి మీకెందుకన్నా?" అన్నారు.

హాల్లో ఆమె మూడో వరుసలో కూర్చుని ఉంది, ఒళ్లో క్యాలెండర్లతో. నా తర్వాత ఇంకో లాయరును పెట్టుకోలేదు. ఐదో కేసు పిలవగానే లేచి నిలబడ్డాను. ఈ పిటిషన్ నేను రాసిందేనని, తప్పుకుంటున్నానని, పట్టికలో ప్రతి వరుసలోనూ నా వల్ల ఒక రోజు ఎక్కువ పడిందని చెప్పాను. సంస్థ లాయరు వెంటనే లేచి, పట్టికే తప్పయినప్పుడు పిటిషన్ కొట్టేయాలన్నాడు.

మీరేమంటారని అధ్యక్షుడు ఆమెను అడిగారు. ఆమె నా వైపు చూడలేదు.

"సార్ ఎంచుడు తప్పయితే తప్పని రాయుండ్రి. నా క్యాలెండర్ తప్పు గాదు. ఇగో, మీరే ఎంచుకోండ్రి."

క్యాలెండర్లు బల్ల మీద పెట్టిన చప్పుడు విన్నాను. తర్వాతిది వినే హక్కు నాకు లేదు. నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

ఉత్తర్వు కొన్ని వారాలకు వచ్చింది. ఐదు బిల్లులు సరిచేయమన్నారు, రెండింటి మీద ఆమె అభ్యర్థన కొట్టేశారు. కొట్టేసిన వాటిలో జూన్‌ది ఒకటి. నేను కూర్చుని ఉన్నా అంతే రాసేవాణ్ణి.

లాయరుగా ఇలాంటి పట్టికలు నేను ఇంకెన్ని పిటిషన్లకు జత చేశానో గుర్తు చేసుకుంటే పదకొండు తేలాయి. నాలుగింటికి తీర్పులు కూడా అయిపోయాయి. అవతలి పక్షాలకూ, నా పాత కక్షిదారులకూ ఈ తప్పు సంగతి తెలియజేయమని కమిషన్ కార్యదర్శికి చీటీ రాశాను. అది ఇంకా నా సొరుగులోనే ఉంది. పదకొండేనా, పన్నెండా అని మళ్లీ ఎంచుతున్నాను.