భుజం మీద చెయ్యి

స్టూడియో వెనక గదిలో, కిటికీ పక్కన ఆయన బల్ల. పాత ఫొటోలకు టచింగ్ చెయ్యడం ఆయన పని. సన్నటి బ్రష్షుతో మశూచి మచ్చలు మాపేవాడు. మూతపడ్డ కళ్లు తెరిపించేవాడు. ఎప్పుడూ ఒకచోట నిలబడని మొగుడూ పెళ్లాలను పక్కపక్కన నిలబెట్టేవాడు.

"మావాడికి కాస్త జుట్టు పెట్టు మామా" అని ఎవరైనా అడిగితే, "పెడతాను, దువ్వుకునే పూచీ మాత్రం మీదే" అనేవాడు. నవ్వుకుంటూ వెళ్లేవారు. అబద్ధమని ఎవరూ అనలేదు.

ఒకే గురువు దగ్గర ఆయనతోపాటు కుంచె పట్టిన స్నేహితుడు ఒకడుండేవాడు. అతనిది మంచి చెయ్యి. ఎప్పుడో పోయిన చిత్రకారుల పద్ధతిలో బొమ్మలు వేసి, కింద వాళ్ల సంతకాలే పెట్టి అమ్మాడు. దొరికిపోయాడు. ఇద్దరి పనీ ఒకటేనని ఆయనకు అప్పుడప్పుడూ అనిపించేది. ఒకరికి శిక్ష పడింది, ఒకరికి కూలి దొరికింది.

శిక్ష ఇంకా మిగిలుండగానే స్నేహితుడు జైల్లో జ్వరంతో చనిపోయాడు. నెల తిరక్కుండా అతని అక్క వచ్చింది. సంచిలోంచి, ఫొటో పడిన న్యూస్ పేపరు ముక్క తీసింది. కోర్టు మెట్ల మీద తమ్ముడు. అతని భుజం మీద పోలీసు చెయ్యి. పోలీసు మాత్రం అంచు దగ్గర తెగిపోయాడు.

"పెద్దయ్యాక వాడిది ఇదొక్కటే ఫొటో. ఆ చెయ్యి తీసెయ్యి తమ్ముడూ. గోడకు పెట్టుకోవాలి. వచ్చినవాళ్లకు దొంగలా కనబడకూడదు."

"నేను చూసుకుంటానక్కా."

ముక్కను పెద్దది చేయించి, దాని మీద చెయ్యి చెరిపాడు. చెయ్యి పోయినా భుజం ఒంగే ఉంది. భుజం లేపాడు. మెడ నిలబెట్టాడు. చొక్కా మడత సర్దాడు. వారం పట్టింది.

ఆమె చాలాసేపు చూసింది.

"ఎవరయ్యా ఈ పెళ్లికొడుకు?"

"బాగాలేదా?"

"బాగుంది. వాడు కాదు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెయ్యి తీసేస్తే ఒక్కడైపోయాడు చూడు. తీర్పు రోజు మా ఇంట్లోంచి ఎవ్వరం వెళ్లలేదు. నాన్న తలుపేసుకున్నాడు. నేను ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతుకుతూ కూర్చున్నా. వాణ్ణి పట్టుకుని నిలబెట్టింది ఆ పోలీసాయన ఒక్కడే. నువ్వు వెళ్లావా?"

"లేదక్కా. ఆ రోజు స్టూడియో తెరిచే ఉంది."

ఆమె ఫొటోను బల్ల మీదికి జరిపింది: "చెయ్యి మళ్లీ పెట్టు. భుజం కూడా ఎట్లా ఉందో అట్లాగే."

భుజం తేలిగ్గానే దిగింది. చెయ్యి రాలేదు. పేపరు ముక్కలో వెతికితే నల్లటి చుక్కలు, అంతే. వేళ్లు ఎక్కడ విడిపోయాయో తెలియదు. ఎవరి చెయ్యైనా ఎదురుగా ఉండాలి. గదిలో ఇంకెవరూ లేరు.

కుర్చీ వీపుకు తన కోటు తగిలించాడు. దాని మీద ఎడమచెయ్యి ఉంచి, చూస్తూ కుడిచేత్తో వేశాడు. వేళ్లు నొక్కుకున్న చోట గుడ్డ మడతలు వేశాడు. చెయ్యి తిమ్మిరెక్కింది. తియ్యలేదు.

ఆమె వచ్చి ఫొటోను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. ఆ చేతి మీద నరాలు తేలి ఉన్నాయి.

"పోలీసాయనది ఇంత ముసలి చెయ్యా?"

ఆయన బ్రష్షు కడుగుతున్నాడు.

ఆమె ఫొటోనూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది.

"పోనీలే తమ్ముడూ," అంది. "ఉండనీ."